కాలవ చెరువుకి సప్లిమెంట్లు, రోడ్డు చెరువుకి ఒట్టి మేత: ఒక పంట డైరీ

రొయ్యపిల్లల్ని (సీడ్) చెరువుల్లో దింపడానికి పది రోజుల ముందు

షెడ్డులో అలమార సర్దుతుంటే పోయిన పంట తాలూకు డబ్బాలు ఏడు బయటపడ్డాయి. విటమిన్ సి ఒకటి, 'స్టేబుల్ సి' అని ఇంకొకటి, విటమిన్ ఇ, సెలీనియం కలిపిన ద్రవం ఒక లీటరు సీసా, లివర్ టానిక్కులు రెండు, ఏవో మొక్కల సారాలట ఒక ప్యాకెట్, గులాబీ రంగు పొడి ఒకటి. అన్నిటి మీదా ఒకటే మాట: స్ట్రెస్ తగ్గిస్తుంది, రోగనిరోధక శక్తి పెంచుతుంది, యాంటీఆక్సిడెంట్. లోపల ఏ పదార్థం ఎంత శాతం ఉందో నాలుగింటి మీద రాసి లేదు.

నాన్నని అడిగాను, ఇవన్నీ ఏ లెక్కన వాడాం అని. "షాపాయన పెట్టమన్నాడమ్మా, పెట్టాం. పంట వచ్చింది కదా" అన్నారు. పంట వచ్చిన మాట నిజమే. ఈ ఏడింట్లో దేనివల్ల వచ్చింది, అసలు వీటివల్లే వచ్చిందా అన్నది ఇద్దరికీ తెలియదు. ముత్తుకూరులో నాలుగేళ్ళు మత్స్యశాస్త్రం చదివి ఇంటికొచ్చిన నాకు ఆ మాట బాగా గుచ్చుకుంది.

అందుకే ఈ పంట లెక్కగా చేద్దామనుకున్నాను. మాకు పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ళ మండలంలో పక్కపక్కనే రెండు చెరువులున్నాయి, ఒక్కోటి ఎకరంన్నర. రోడ్డు పక్కది రోడ్డు చెరువు, మురుగు కాలవ వైపుది కాలవ చెరువు. రెండింటికీ ఒకే హేచరీ సీడ్, ఒకే కంపెనీ మేత, చెరువుకి నాలుగు ఏరేటర్లు (నీళ్ళకి గాలి కలిపే యంత్రాలు). కాలవ చెరువు మేతకి యాంటీఆక్సిడెంట్లు పట్టిస్తాం, రోడ్డు చెరువుకి ఒట్టి మేతే. దీనికి నాన్నని ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. "ఒక బిడ్డకి పాలు పోసి ఇంకో బిడ్డకి నీళ్ళు పోస్తావా?" అన్నారు. కంపెనీ మేతలో విటమిన్లు ముందే కలిపి ఉంటాయి, రోడ్డు చెరువుని మనం పస్తు పెట్టడం లేదు అని చెప్పాకే సరేనన్నారు.

రెండు చెరువుల పోలికతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. గాలివాటం, మట్టి, లోతు, ఏ తేడా వచ్చినా సప్లిమెంటు ఖాతాలో పడిపోతుంది. అయినా లెక్కే లేకుండా వాడడం కన్నా ఇది నయం.

1వ రోజు

తెల్లవారుజామున సీడ్ దింపాం, చెరువుకి లక్షా ఎనభై వేలు. నీటి ఉప్పదనం 8 పీపీటీ, అంటే లీటరుకి సుమారు 8 గ్రాముల ఉప్పు. సంచులు చెరువు నీళ్ళలో తేలేసి అరగంట ఆగి, కొంచెం కొంచెం నీళ్ళు కలుపుతూ వదిలాం.

కాలవ చెరువు గట్టు మీద బాబాయ్ (మా దగ్గర పదేళ్ళుగా చెరువులు చూసే ఆయన్ని నేను అలాగే పిలుస్తాను) రెండు కిలోల విటమిన్ సి బకెట్లో కలిపి సిద్ధంగా ఉంచాడు. సీడ్ దింపినప్పుడు నీళ్ళలో కొట్టడం మా వైపు అలవాటు. నేను ఆపాను. ముందు రోజు సాయంత్రమే నీటికి అయోడిన్ శానిటైజర్ కొట్టాం. విటమిన్ సి, అయోడిన్ ఎదురుపడితే ఒకదాన్నొకటి తినేస్తాయి, రెండూ దండగే. బాబాయ్ నమ్మలేదు. గ్లాసులో నీళ్ళు పోసి పోవిడోన్ అయోడిన్ నాలుగు చుక్కలు వేశాను, టీ రంగు వచ్చింది. చిటికెడు విటమిన్ సి వేసి తిప్పితే కళ్ళముందే రంగు పోయి మంచినీళ్ళలా అయింది. "ఇదేంటండీ అమ్మాయిగారూ, మాయలాగుంది!" అన్నాడు. ఆ బకెట్ అలాగే పక్కన పెట్టేశాం.

ఆ గ్లాసు చూశాకే నాకు ఒక పరీక్ష తట్టింది. దాని సంగతి కింద రాస్తాను.

9వ రోజు

అసలు ఈ యాంటీఆక్సిడెంట్ల గొడవ ఏంటని నాన్న అడిగారు, వివరంగా చెప్పమని. చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

రొయ్య ఊపిరి తీసుకున్న ఆక్సిజన్‌లో కొంత ఒళ్ళు కాల్చే రకంగా మారుతుంది. అది కణాల పొరల్లోని కొవ్వు మీద పడుతుంది. రొయ్యల్లో, చేపల్లో ఆ పొరల్లో చేపనూనెలో ఉండేలాంటి పల్చటి కొవ్వులు ఎక్కువ, అవి గాలికి తొందరగా పాడయ్యే రకం. ఒకచోట మొదలైతే పక్కదానికి అంటుకుంటూ పోతుంది. విటమిన్ ఇ ఆ పొరలోనే ఉండి మంటని అక్కడితో ఆపుతుంది. ఆపడంలో తాను ఖర్చయిపోతుంది, దాన్ని మళ్ళీ బాగుచేసేది విటమిన్ సి. సెలీనియం పని వేరు. ఆ మంటలో పుట్టే పెరాక్సైడ్లని విరిచే ఒక ఎంజైముకి అది గుండెకాయ లాంటిది. మామూలు రోజుల్లో రొయ్య సొంత ఎంజైములే ఇదంతా చక్కబెట్టుకుంటాయి. వేడి, అమ్మోనియా, నైట్రైట్, ఆక్సిజన్ తగ్గడం, గుల్ల విడవడం, ఇవి వచ్చినప్పుడు ఖర్చు పెరుగుతుంది.

విటమిన్ సి మనిషి ఒంట్లో తయారు కాదు, మేతలోనో తిండిలోనో రావాల్సిందే. రొయ్యకీ, మనం పెంచే చేపల్లో దాదాపు అన్నిటికీ అంతే. లోటు పడితే చేపకి వెన్ను వంకరపోతుంది, రొయ్యకి గుల్ల కింద నల్లమచ్చలు వచ్చి చస్తుంది. కాబట్టి ఈ విటమిన్లు అనవసరమని నేను అనను. ఎంత కావాలన్నదే నా ప్రశ్న.

వెనామీ రకం రొయ్య మీద జరిగిన పరిశోధనల్లో చిన్న రొయ్యకి కిలో మేతకి విటమిన్ సి 100 మిల్లీగ్రాముల దరిదాపుల్లో, విటమిన్ ఇ కూడా సుమారు అంతే సరిపోయింది. మేము పోయిన పంటలో పట్టించింది కిలోకి 5 గ్రాముల స్టేబుల్ సి. అది 35 శాతం సరుకు. అంటే 1,750 మిల్లీగ్రాములు, మేతలో కంపెనీ వేసింది కాక. నాన్న క్యాలిక్యులేటర్ తీసుకుని తనే మళ్ళీ కొట్టి చూశారు. కాసేపు ఏం మాట్లాడలేదు.

16వ రోజు: గ్లాసుల పరీక్ష

నాలుగు గాజు గ్లాసులు. ఒక్కోదాంట్లో 10 గ్రాముల మేత, 200 మిల్లీలీటర్ల నీళ్ళు.

మొదటి దాంట్లో ఒట్టి మేత. రెండో దాంట్లో మామూలు విటమిన్ సి నీళ్ళలో కలిపి పట్టించి నీడన ఆరబెట్టిన మేత. మూడో దాంట్లో అదే విటమిన్ సి, చేపనూనెతో పట్టించింది. నాలుగో దాంట్లో స్టేబుల్ సి, అంటే ఫాస్ఫేట్ తగిలించిన విటమిన్ సి, చేపనూనెతోనే. ఇరవై నిమిషాలు ఆగి, పల్చటి గుడ్డలో వడగట్టి, ఆ నీళ్ళు 20 మిల్లీలీటర్లు తీసుకుని అయోడిన్ చుక్కలు లెక్కపెట్టాను. రంగు నిలిచేదాకా ఎన్ని చుక్కలు పడితే నీళ్ళలోకి అంత విటమిన్ సి కారిపోయినట్టు.

ఒట్టి మేత 3 చుక్కలు. మేతలోని పిండి వల్ల రంగు నీలంగా తిరిగింది, నిలిచిందో లేదో చూడటానికి అదే మంచిదయింది. నీళ్ళతో పట్టించింది 19 చుక్కలు. నూనెతో పట్టించింది 11. స్టేబుల్ సి 3 చుక్కలే!

సంతోషంతో ఇంట్లోకి పరుగెత్తి నాన్నకి చెప్పాను, ఖరీదైన సరుకు అస్సలు కారడం లేదని. రాత్రి పడుకున్నాక అనుమానం వచ్చింది. లేచి వెళ్ళి స్టేబుల్ సి పొడినే నేరుగా నీళ్ళలో కలిపి అయోడిన్ వేశాను. రంగు అలాగే ఉంది. అదీ సంగతి. ఫాస్ఫేట్ ముసుగు ఉన్నంతసేపు ఆ విటమిన్ అయోడిన్‌తో కలవదు. గాలికి, వేడికి పాడు కాకుండా కాపాడేదీ ఆ ముసుగే. రొయ్య పొట్టలో ఎంజైము ముసుగు తీసేశాకే అది పని చేస్తుంది. అది నీళ్ళలో చక్కగా కరుగుతుంది కూడా, కాబట్టి కారిపోతూనే ఉండాలి. నా పరీక్ష దాన్ని చూడలేకపోయింది, అంతే. పొద్దున్న లేవగానే నాన్న దగ్గర ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

రెండో గ్లాసు లెక్క మాత్రం ఖాయం. చేప మేతని గబుక్కున మింగుతుంది. రొయ్య గంట, రెండు గంటలు చేతుల్లో తిప్పుకుంటూ కొరుక్కు తింటుంది. నీళ్ళతో కలిపి పట్టించిన మామూలు విటమిన్ సి చాలావరకు చెరువుకే పోతోంది.

17వ రోజు

ఇంకో చిన్న పరీక్ష. బాబాయ్ మినరల్ మిక్స్, విటమిన్ సి ఒకే బకెట్లో రాత్రే నానబెట్టి పొద్దున్నే మేతకి పట్టిస్తాడు. అలా ఒకటి, విటమిన్ సి విడిగా ఒకటి నానబెట్టి పొద్దున్నే చుక్కలు లెక్కపెట్టాను. విడిగా ఉంచింది 38, మినరల్స్‌తో కలిపింది 6. రాగి, ఇనుము ఉన్నచోట విటమిన్ సి నిలవదు. తాను పాడవడమే కాకుండా ఇనుముతో కలిసి ఆ ఒళ్ళు కాల్చే ఆక్సిజన్ రకాలనే పుట్టిస్తుంది కూడా. యాంటీఆక్సిడెంట్ అని కొన్నది ఆ బకెట్లో సరిగ్గా దానికి ఎదురు పని చేస్తోంది. ఇకనుంచి మినరల్స్ మధ్యాహ్నం మేతకి, విటమిన్ పొద్దున్న మేతకి, పట్టించే ముందే కలపాలి.

28వ రోజు

కాలవ చెరువుకి ప్లాన్ ప్రకారం రోజుకి రెండు మేతలకి పట్టిస్తున్నాం: స్టేబుల్ సి, విటమిన్ ఇ-సెలీనియం ద్రవం, పైన చేపనూనె. రెండు చెరువుల్లోనూ చెక్ ట్రేలు (మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్ళలో దించే పళ్ళేలు) ఖాళీగా వస్తున్నాయి. చెప్పుకోదగ్గ విశేషం లేదు.

40వ రోజు

విసురు వలతో సాంప్లింగ్. రోడ్డు చెరువు సగటు 5.1 గ్రాములు. కాలవ చెరువు 4.3.

మందు పెట్టిన చెరువు వెనకబడింది. మళ్ళీ రెండు వలలు వేయించాను, అదే లెక్క. కాలవ చెరువు రొయ్య పట్టుకుని వెలుతురుకి పెట్టి చూస్తే తల దగ్గర కాలేయం రంగు పాలిపోయి, కొంచెం కుంచించుకున్నట్టు ఉంది. రోడ్డు చెరువుది ముదురు గోధుమరంగులో నిండుగా ఉంది. ఈహెచ్‌పీ (రొయ్య కాలేయానికి పట్టే ఒక పరాన్నజీవి) ఏమోనని భయమేసి రెండు చెరువుల నమూనాలు పీసీఆర్‌కి పంపాను.

నాన్న మాత్రం "డోసు సరిపోవడం లేదేమో, రెట్టింపు చెయ్యి" అన్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. సరేనని రెట్టింపు చేశాను. చదువుకున్నదాన్ని, నేను ఆ మాట వినకుండా ఉండాల్సింది.

45వ రోజు

పీసీఆర్ నెగెటివ్. కానీ కాలవ చెరువు చెక్ ట్రేలలో మేత మిగులుతోంది.

సాయంత్రం నేనే మేతకి పట్టిద్దామని కూర్చున్నాను. చేపనూనె క్యాన్ మూత తిప్పగానే ముక్కు పక్కకి తిప్పుకోవాల్సి వచ్చింది. చేప వాసన కాదు. పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు, ఘాటుగా గొంతులో గీసుకునే వాసన. వేలితో ముట్టుకుంటే మూతి చుట్టూ గట్టిపడి జిగురు కట్టి ఉంది, గోటితో గీకితే పొరలా ఊడింది. క్యాన్ మీద తేదీ లేదు. నాన్నని అడిగితే పోయిన ఎండాకాలం తెచ్చిన 35 లీటర్ల క్యాన్, సగం వాడి రేకుల షెడ్డులోనే ఉంచాం అన్నారు. పది నెలలు, సగం ఖాళీ, ఆ ఖాళీ అంతా గాలి, పైన రేకు. మే నెలలో ఆ రేకు కింద మనిషి పది నిమిషాలు నిలబడలేడు.

నా ప్రయోగంలో తప్పు అక్కడే కనిపించింది. రోడ్డు చెరువుకి నూనె వెయ్యడం లేదు, కాలవ చెరువుకే వేస్తున్నాను. ఒక చేత్తో యాంటీఆక్సిడెంట్లు, ఇంకో చేత్తో బాగా పాడైన నూనె. పాడైన నూనెలోని పెరాక్సైడ్లు మేతలోని విటమిన్ ఇని మింగేస్తాయి, మిగిలింది రొయ్య కాలేయం మీద పడుతుంది. డోసు రెట్టింపు చేసినప్పుడు పొడి అంటుకోవడానికి నూనె కూడా పెంచాం. అందుకే ఇంకా దిగజారింది.

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. లక్షన్నర ప్రాణాలు నా డైరీ కోసం ఇరవై రోజులు ఆ నూనె తిన్నాయి.

46వ రోజు

కాలవ చెరువుకి అన్నీ ఆపేశాను. ఒట్టి మేత, అదీ రెండు రోజులు మూడోవంతు తగ్గించి. నూనె నమూనా ల్యాబుకి ఇచ్చాను.

51వ రోజు

ల్యాబు రిపోర్టు: పెరాక్సైడ్ విలువ 6. చూడగానే ఆశ్చర్యపోయాను, ఆ కంపు కొట్టే నూనెకి ఇంత తక్కువా అని. అక్కడ పనిచేసే ఆవిడ ఓపికగా చెప్పారు: "పెరాక్సైడ్ ముందు పెరుగుతుందమ్మా, తర్వాత అదే విరిగిపోయి తగ్గిపోతుంది. పాతబడ్డ నూనెకి ఆ ఒక్క అంకె చూస్తే మోసపోతారు. అనిసిడిన్ కూడా చెయ్యనా?" చెయ్యమన్నాను. ఆ విరిగిన ముక్కల్ని కొలిచే పరీక్ష అది, 48 వచ్చింది. పెరాక్సైడ్‌ని రెండుతో హెచ్చవేసి అనిసిడిన్ కలిపితే వచ్చేదాన్ని టోటాక్స్ అంటారు. మాది 60. మనుషులు తినే చేపనూనెకి పరిశ్రమ పెట్టుకున్న హద్దు 26. కాలేజీలో ఈ సూత్రం పరీక్షకి చదివి రాశాను, క్యాన్ మూత తీసేదాకా అది దేనికో నాకు నిజంగా అర్థం కాలేదు.

మేత బస్తాలు కూడా చూశాం. గోడకి ఆనించి, నేల మీదే పేర్చి ఉన్నాయి. మేతలోని చేపపొడికీ ఇదే జబ్బు. చేపపొడి గాలికి తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకు, అందుకే ఓడలో ఎక్కించే ముందు యాంటీఆక్సిడెంట్ కలపాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. బస్తాల కింద చెక్కలు వేసి, గోడకి అడుగు దూరం జరిపి, షెడ్డు రేకు మీద తాటాకు కప్పించాం. మధ్యాహ్నం రెండింటికి లోపల 43 డిగ్రీలుండేది 37కి దిగింది. ఇకనుంచి మూడు వారాలకి సరిపడా మేతే తెచ్చుకోవాలని నాన్న, నేను అనుకున్నాం. ఈ పంటలో మేము చేసిన అన్ని యాంటీఆక్సిడెంట్ పనుల్లోకీ ఆ తాటాకే గొప్పదని నా ఉద్దేశం.

57వ రోజు

రోడ్డు చెరువు 9.4, కాలవ చెరువు 8.6. తేడా ఇంకా ఉంది గానీ కాలేయం రంగు తిరిగింది, ట్రేలు ఖాళీగా వస్తున్నాయి.

ఇక్కడినుంచి కొత్త పద్ధతి. కాలవ చెరువుకి స్టేబుల్ సి మాత్రమే, కిలో మేతకి అర గ్రాము, అంటే సుమారు 175 మిల్లీగ్రాములు. నూనె లేదు, కొన్న జెల్ బైండర్‌తో (పొడిని మేతకి అంటించే జిగురు) పట్టించి నీడన ఇరవై నిమిషాలు ఆరబెట్టడం. అదీ రోజూ కాదు. అమావాస్య, పౌర్ణమి గుల్ల విడిచే రోజుల్లో, వడగాలి హెచ్చరిక వచ్చినప్పుడు, సాంప్లింగ్ ముందు రెండు రోజులు.

విటమిన్ ఇ-సెలీనియం సీసా పూర్తిగా పక్కన పెట్టాను. దానిమీద సెలీనియం ఎంతో రాసి లేదు. మిగతా వాటికన్నా నాకు ఎక్కువ భయం దీనితోనే. చేపలకి కావాల్సింది కిలో మేతకి అర మిల్లీగ్రాము లోపే. యూరప్‌లో మేత మొత్తంలో సెలీనియం అర మిల్లీగ్రాము దాటకూడదని చట్టమే ఉంది. చేపపొడి ఉన్న మేతలో అది ముందే ఉంటుంది. రెయిన్‌బో ట్రౌట్ చేపలకి కిలోకి 13 మిల్లీగ్రాములు పెడితే పెరుగుదల పడిపోయి చావులు వచ్చాయి. అవసరానికీ విషానికీ మధ్య గట్టు అంత సన్నం. అమెరికాలో నార్త్ కరోలినాలో బెల్యూస్ లేక్ అని ఒక సరస్సు ఉంది. 1970ల్లో బొగ్గు కరెంటు ప్లాంటు బూడిద నీళ్ళతో దాంట్లోకి సెలీనియం చేరింది, ఇరవై రకాల చేపల్లో పంతొమ్మిది మాయమయ్యాయి. అది మేతతో జరిగింది కాదు గానీ, ఈ పదార్థాన్ని మూతతో కొలిచి పొయ్యకూడదని చెప్పడానికి నాన్నకి ఆ కథ చాలింది.

66వ రోజు, రాత్రి

రాత్రి 1.20కి కరెంటు పోయింది. జనరేటర్ సెల్ఫ్ తీసుకోలేదు, బ్యాటరీ డౌన్. బాబాయ్ ఫోన్ చేసేసరికి పరుగెత్తాం. పక్క చెరువు వాళ్ళ బ్యాటరీ తెచ్చి బిగించేసరికి 2.50. అప్పటికి కాలవ చెరువులో డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) 1.9, రోడ్డు చెరువులో 1.7. టార్చి వేస్తే గట్టు పక్కన రొయ్యలు పైకి తేలి మీసాలు బయటపెట్టి తిరుగుతున్నాయి. ఎర్రటి కళ్ళు వేలల్లో మెరుస్తున్నాయి. నాన్న నీళ్ళలోకి దిగిపోయి చేతులతో నీళ్ళు కొడుతున్నారు, దానివల్ల ఏం కాదని తెలిసీ.

ఏరేటర్లన్నీ ఒక్కసారి వేశాం. ఇక్కడ ఒక మాట. ఆక్సిజన్ తగ్గడం ఒక దెబ్బ, అది ఒక్కసారిగా మళ్ళీ పెరిగినప్పుడు కణాల్లో పుట్టే మంట రెండో దెబ్బ. రెండు రోజుల తర్వాత వచ్చే చావుల్లో దాని వాటా కూడా ఉంటుంది. యాంటీఆక్సిడెంట్ అన్న మాటకి చెరువు గట్టు మీద అర్థం ఉంటే ఇలాంటి రాత్రే ఉండాలి.

69వ రోజు

మూడు రోజుల్లో ట్రేలలో, గట్టు వెంట ఏరినవి: కాలవ చెరువు 31, రోడ్డు చెరువు 74. కాలవ చెరువుకి పౌర్ణమి కోసం మూడు రోజుల ముందునుంచే స్టేబుల్ సి పడుతోంది. నాన్న ముఖం వెలిగిపోయింది, "చూశావా!" అన్నారు. నాకూ అలాగే అనుకోవాలని ఉంది. కానీ కాలవ చెరువులో డీఓ కొంచెం ఎక్కువుంది, రొయ్య చిన్నది కాబట్టి మొత్తం బరువూ తక్కువే, ఆక్సిజన్ అవసరమూ తక్కువే. విటమిన్ పని చేసి ఉండొచ్చు అని మాత్రమే రాసుకుంటున్నాను. బ్యాటరీ బాగుండి ఉంటే ఈ లెక్కే వచ్చేది కాదు. కొత్త బ్యాటరీ తెప్పించాం, వారానికోసారి జనరేటర్ వేసి చూడటం బాబాయ్ పని.

78వ రోజు

పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షకి నమూనా ఇచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఆ గులాబీ పొడి సంగతి గుర్తొచ్చి షాపుకి ఫోన్ చేసి, దీంట్లో ఏముందో కాగితం ఇవ్వండి అన్నాను. "అందరూ వాడుతున్నారండీ" అన్నారు. కాగితం లేదు. దాన్ని పారేశాం. పొడిలో ఎవరైనా నిషేధించిన యాంటీబయాటిక్ కలిపితే దొరికిపోయేది రైతే. షాపు పేరు రొయ్య మీద రాసి ఉండదు.

యాంటీఆక్సిడెంట్ వల్లే సరుకు ఆగిపోయిన రోజులు కూడా మనకున్నాయి. చేపపొడి, మేత పాడవకుండా ఎథాక్సిక్విన్ అనే రసాయనం కలిపేవారు. 2012లో జపాన్‌లో మన దేశపు రొయ్యల్లో, వియత్నాం రొయ్యల్లో దాని అవశేషాలు దొరికాయి. అప్పుడు అక్కడి హద్దు 0.01 పీపీఎం, అంటే కిలోకి 0.01 మిల్లీగ్రాము. ప్రతి లాటూ పరీక్ష చెయ్యడం మొదలుపెట్టారు. తర్వాత 2014లో ఆ హద్దుని 0.2కి పెంచారు. యూరప్ 2017లో మేతలో దాని అనుమతినే నిలిపేసింది. అది రైతు చేత్తో వేసింది కాదు, మేతలో వచ్చింది. అయినా దెబ్బ చెరువు గట్టు దాకా వచ్చింది.

ఇంకో అపోహ కూడా ఇక్కడే రాస్తాను. యాంటీఆక్సిడెంట్ ఎంత ఎక్కువైతే రోగం అంత రాదని చాలామంది అనుకుంటారు. రొయ్య రక్తకణాలు క్రిముల్ని చంపేది ఆ కాల్చే ఆక్సిజన్ రకాలతోనే. అది పూర్తిగా ఆర్పేయాల్సిన నిప్పు కాదు. తెల్లమచ్చ వైరస్‌ని గానీ, ఈహెచ్‌పీని గానీ ఏ విటమినూ చంపదు. సీడ్ పరీక్ష, చెరువు ఎండబెట్టడం, పక్షి వలలు, వీటి స్థానంలోకి డబ్బా రాదు.

97వ రోజు

పట్టుబడి. రోడ్డు చెరువు 55 కౌంట్ (కిలోకి 55 రొయ్యలు), 2,410 కిలోలు. కాలవ చెరువు 58 కౌంట్, 2,380 కిలోలు. ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందో ఆ లెక్క) రోడ్డు చెరువు 1.41, కాలవ చెరువు 1.47. బతికినవి కాలవ చెరువులో కొంచెం ఎక్కువ, సైజు కొంచెం తక్కువ. అవశేషాల రిపోర్టు రెండూ క్లియర్.

అమ్మ రెండు చెరువుల రొయ్యల్నీ వేరు వేరు గిన్నెల్లో ఉడికించింది. రెండూ ఒకేలా ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు ఆస్టాజాంథిన్ అనే రంగు, అదీ యాంటీఆక్సిడెంటే. పచ్చి రొయ్యలో ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకుని నీలిబూడిద రంగులో దాచి ఉంచుతుంది. పొయ్యి మీద పెట్టగానే ఆ పట్టు వదిలి ఎరుపు బయటికొస్తుంది. రొయ్య దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు, మేతలోంచీ చెరువులోని నాచులోంచీ తెచ్చుకుంటుంది. అమ్మకి ఇది చెబుతుంటే రొయ్య ఒలవడం ఆపి గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

సప్లిమెంట్ల ఖర్చు లెక్క తీశాం. పోయిన పంటలో రెండు చెరువులకీ అయినదాంట్లో ఈసారి తొమ్మిదో వంతు. దాంట్లోనూ సగం నేను 45 రోజుల లోపు దండగ చేసిందే.

పట్టుబడి తర్వాత 6వ రోజు

మిగిలిన చేపనూనె చెరువుకి దూరంగా గొయ్యి తీసి పూడ్చేశాం. అలమారలో ఇప్పుడు రెండే డబ్బాలు. రెంటి మీదా శాతం రాసి ఉంది, తెరిచిన తేదీ మార్కర్‌తో నాన్న రాశారు.

వచ్చే పంటకి నాలుగు చిన్న వల బోనులు కుట్టిస్తున్నాను, రోడ్డు చెరువులోనే పక్కపక్కన కడతాం. అవే నీళ్ళు, అదే గాలి. రెండింటికి స్టేబుల్ సి, రెండింటికి ఒట్టి బైండర్ పట్టించిన మేత. ఏ బోనుకి ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయిస్తాం, తూకం వేసే బాబాయ్‌కి అది చెప్పం. వల మెష్ ఎంత ఉండాలో, రొయ్య గుల్ల విడిచినప్పుడు ఒకదాన్నొకటి తినకుండా బోనులో ఎన్ని వెయ్యాలో అన్నదే ఇప్పుడు మా ఇంట్లో వాదన. నాన్న నలభై అంటున్నారు, నేను ఇరవై ఐదు అంటున్నాను.